మరీ ఆరోగ్యంగా ఉన్న ఆల్చిప్ప

పదహారు రోజులు అరిజోనాలో ఎండ కాచుకుని మిన్నెసోటాలో, సెయింట్ క్లౌడ్‌లోని ఇంటికి తిరిగొచ్చిన లోవెల్ హాగ్‌స్ట్రమ్, చేతిలో పెట్టె కింద పెట్టకుండా, నెత్తిన టోపీ తియ్యకుండా, నేరుగా బేస్‌మెంట్ మెట్లు దిగాడు. బూట్లు మాత్రం విప్పాడు. ఇల్లు తగలబడుతున్నా ఆ ఊళ్ళో బూట్లు విప్పకుండా లోపలికి ఎవరూ రారు, మంటలార్పేవాళ్ళు తప్ప. వాళ్ళని కూడా గుమ్మం దగ్గర ఓ చూపు చూస్తారు.

కింద గోడ పొడుగునా నూట ఇరవై గ్యాలన్ల ఉప్పునీటి తొట్టె. నీలం దీపాలు వెలుగుతున్నాయి. చేపలు లెక్కపెట్టాడు, ఐదూ ఉన్నాయి. పగడాలు ఉన్నాయి. మధ్య రాతి మీద ఆల్చిప్ప ఉంది.

ఉండడమంటే మామూలుగా ఉండడం కాదు. చిప్పల మధ్య నుంచి బయటికి పరుచుకున్న దాని పెదవి అంచులు దాటి రెండు వైపులా జారి, కొత్త పట్టుచీర కుచ్చిళ్ళలా నీలంగా, మధ్యమధ్య పచ్చ చుక్కలతో నిగనిగలాడిపోతోంది. చిప్ప చివర గోటి చివరంత మేర తెల్లగా కొత్త అంచు కట్టింది.

లోవెల్ గుండె జారిపోయింది.

"మార్నా!" అని అరిచాడు.

"ఏమైంది? పోయిందా?" పైనుంచి భార్య గొంతు.

"లేదు. బాగుంది."

"మరెందుకలా అరుస్తావ్?"

"చాలా బాగుంది" అన్నాడు లోవెల్, ఈసారి మెల్లిగా.

లోవెల్ ఇరవై ఆరేళ్ళుగా ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో పని చేస్తున్నాడు. వడగళ్ళ వానకి దెబ్బతిన్న ఇళ్ళ కప్పులెక్కి, అవి వడగళ్ళ వానకి దెబ్బతినలేదని రాయడం అతని పని. ఆ అనుభవంలో అతను నేర్చుకున్నది ఒక్కటే. చెడిపోయినదాని గురించి పెద్దగా అనుమానపడక్కర్లేదు, లోకంలో ప్రతిదీ చెడిపోతుంది. ఉన్నట్టుండి బాగుపడినదాన్ని చూస్తేనే నిచ్చెన తియ్యాలి.

ఈ ఆల్చిప్ప ఏడేళ్ళుగా అతని దగ్గరుంది. ఏడేళ్ళుగా అతను దాన్ని చూసుకున్నట్టు ఎవరూ కన్నబిడ్డని కూడా చూసుకోరు. ఈ మాట అతని కూతురే అనేది, ఫోన్లో, కొంచెం నిష్ఠూరంగా. పొద్దునా సాయంత్రం నీళ్ళు పరీక్ష చేసి పుస్తకంలో రాస్తాడు. నీళ్ళలో మురికి, అంటే నైట్రేట్, సున్నా ఉండాలన్నది అతని నియమం. సున్నాకి ఎప్పుడైనా పక్కన ఓ చుక్క పెట్టి ఏదైనా అంకె వస్తే ఆ రోజు అన్నం సయించదు. ఇంత చేసినా ఆల్చిప్ప మాత్రం గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాలా ఉండేది. బతికుండేది. పెరిగేది కాదు. పోయిన ఆరు నెలల్లో వెర్నియర్ కాలిపర్‌తో వారానికోసారి కొలిస్తే ప్రతిసారీ తొంభై ఆరు మిల్లీమీటర్లే.

ఆ రాత్రి టోపీతోనే కొలిచాడు. తొంభై ఎనిమిది.

తర్వాత నీళ్ళు పరీక్ష చేశాడు. నైట్రేట్ ఎనిమిది.

తొట్టె పక్కన పెట్టి వెళ్ళిన పుస్తకం తెరిచాడు. అతను ఊళ్ళో లేని పదహారు రోజులూ, పొద్దునా సాయంత్రం, ముప్పై రెండు చోట్ల, పక్కింటి డ్వేన్ కర్వొనెన్ చేతిరాతతో నైట్రేట్ సున్నా అని ఉంది. ముప్పై రెండూ ఒకే పెన్నుతో, ఒకే ఒత్తుడుతో, ఒకే వాలుగా ఉన్నాయి. చివరి పేజీకొచ్చేసరికి రాసినవాడికి చెయ్యి లాగినట్టు కూడా తెలుస్తోంది.

మంచం మీద కూర్చుని మార్నాకి వరసగా చెప్పాడు.

"పుస్తకంలో సున్నా. తొట్టెలో ఎనిమిది. అంటే నీళ్ళలో ఏదో కుళ్ళింది. చేపలు ఐదూ ఉన్నాయి. మరి కుళ్ళిందేంటి?"

"ఏంటి?"

"మన ఆల్చిప్ప."

"ఇప్పుడే కదా బాగుందన్నావ్."

"కింద ఉన్నది బాగుంది. మనది చచ్చిపోయింది. డ్వేన్ చంపేసి, భయపడి, అలాంటిదే ఇంకోటి తెచ్చి అతికించాడు. అదీ రెండు మిల్లీమీటర్లు పెద్ద సైజుది."

మార్నా నోట్లోంచి పళ్ళ బ్రష్ తీసింది. "పెద్దదే తెచ్చాడు కదా పాపం" అంది.

*

డ్వేన్ కర్వొనెన్ హైస్కూల్లో పిల్లలకి వడ్రంగం నేర్పి రిటైరయ్యాడు. అతనికీ బేస్‌మెంట్‌లో ఒక తొట్టె ఉంది. ఊళ్ళో ఇలాంటి తొట్టెలున్నవాళ్ళంతా కలిసి పెట్టుకున్న రీఫ్ క్లబ్‌లో అతనూ సభ్యుడే. ఒకరు ఊరెళితే ఇంకొకరు తొట్టె చూసుకోవడం ఆ క్లబ్‌లో ఆనవాయితీ. కానీ డ్వేన్ తొట్టె చూస్తే లోవెల్‌కి ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకేవి. అద్దానికి పచ్చటి పాచి. నీళ్ళు పరీక్ష చేసిన పాపాన పోడు. ఉప్పు గిన్నెతో కొలవడు, బకెట్లోకి వొంపి వేలు ముంచి నాలిక మీద వేసుకుంటాడు. అయినా సరే ఆ తొట్టెలో పగడాలు పొదల్లా పెరిగి ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి. ఇదెలా సాధ్యమని లోవెల్ ఎన్నోసార్లు ఆలోచించాడు. న్యాయం అనేది లేదని తప్ప వేరే కారణం దొరకలేదు.

అలాంటివాడి చేతిలో తొట్టె పెట్టాల్సొచ్చిందని, వెళ్ళే ముందు లోవెల్ తొమ్మిది పేజీల సూచనలు రాసి, తడిసినా చిరక్కుండా ప్లాస్టిక్ వేయించి మరీ ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. డ్వేన్. చేతిలో నిమ్మకాయ బార్ల ట్రే, బర్ఫీల్లా కోసిన తీపి ముక్కలు, మీద సిల్వర్ ఫాయిల్.

"వచ్చారన్న మాట" అన్నాడు డ్వేన్.

"వచ్చాం."

"ఎండ బాగుందా?"

"పర్లేదు. ఇక్కడ మంచు పడిందా?"

"పడింది. పెద్దగా ఏం కాదు. పధ్నాలుగు అంగుళాలు." ట్రే చాచాడు. "ఇవి ఊరికే."

లోవెల్ ట్రే కేసి చూశాడు, డ్వేన్ కేసి చూశాడు. తొట్టె చూసిపెట్టినందుకు ఊరెళ్ళొచ్చినవాడు బార్లు ఇవ్వాలి. చూసిపెట్టినవాడు వద్దు వద్దంటూ పుచ్చుకోవాలి. మిన్నెసోటా పుట్టిన దగ్గర్నుంచీ అలాగే నడుస్తోంది. చూసిపెట్టినవాడే ఎదురు బార్లు పట్టుకొచ్చాడంటే, గుమ్మడికాయల దొంగ తనే వచ్చి భుజాలు చూపించినట్టే.

"అంతా సవ్యంగా జరిగిందా?" అన్నాడు లోవెల్.

"ఎక్కడ?"

"తొట్టెలో."

"ఆ, తొట్టెలోనా. ఏముంది జరగడానికి? ఏం జరగలేదు. అసలేం జరగలేదు." డ్వేన్ వాకిట్లో మంచు గుట్ట కేసి చూశాడు. "నీ మంచుపార కొత్తదా?"

"పాతదే."

"మంచి పార" అని డ్వేన్ వెళ్ళిపోయాడు.

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నవాడైనా కనీసం గడ్డి గురించి మాట్లాడాడు, వీడు పార గురించి మాట్లాడుతున్నాడనుకున్నాడు లోవెల్. వెనక్కి తిరిగేసరికి మార్నా ఒక బార్ సగం తినేసింది.

"అది సాక్ష్యం" అన్నాడు.

"బాగుంది. నువ్వూ ఓ సాక్ష్యం తిను" అంది మార్నా.

*

లోవెల్ దగ్గర ఆల్చిప్ప ఫొటోలు వెయ్యీ నూట నలభై ఉన్నాయి. కూతురి పెళ్ళివి అరవై రెండు. మనిషి వేలిముద్రల్లాగే ఏ రెండు ఆల్చిప్పల పెదవి మీదా చారలు ఒకలా ఉండవు. అందుకని పాత ఫొటోలూ కొత్త ఫొటోలూ పక్కపక్కన పెట్టి మూడు సాయంత్రాలు భూతద్దం పట్టుకుని కూర్చున్నాడు. కానీ పాత ఫొటోల్లో పెదవి ముడుచుకుని ఉంది, ఇప్పుడు విప్పారి ఉంది. ఏడుపు మొహం ఫొటోతో నవ్వు మొహాన్ని పోల్చినట్టయింది. కుడిపక్క మూడో చార అదేననిపించేది, కాఫీ తాగొచ్చి చూస్తే కాదనిపించేది.

శనివారం జోడీ కొట్టుకెళ్ళాడు. చుట్టుపక్కల అరవై మైళ్ళలో సముద్రపు ప్రాణులు అమ్మేది ఆవిడొక్కతే. అతని ఆల్చిప్పా అక్కడ కొన్నదే.

"ఈమధ్య నీలం ఆల్చిప్పేమైనా అమ్మావా జోడీ?"

"ఎందుకు, మీది పోయిందా?" అంది జోడీ, మోచేతి దాకా ఓ తొట్టెలో ఉన్న చెయ్యి తియ్యకుండానే.

"లేదు. బాగుంది."

"జబ్బు చేసిందా?"

"లేదు. చాలా బాగుంది. అదే వచ్చిన చిక్కు."

జోడీ చెయ్యి బయటికి తీసి తుడుచుకుంది. ఇలాంటి గిరాకీలు ఆవిడకి కొత్త కాదు. కిందటి నెల ఒకాయన తన చేప తనని ఇదివరకంత ఇష్టంగా చూడట్లేదని వచ్చాడు.

"మూడు వారాల కిందట ఒకటి అమ్మాను. నీలందే. మగాయన."

లోవెల్ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "ఎలా ఉన్నాడు?"

"అరవై ఏళ్ళుంటాయి. గడ్డం. వేటకెళ్ళే నారింజరంగు టోపీ. పెద్దగా మాట్లాడలేదు."

లోవెల్ రాసుకోబోయి ఆగాడు. కొట్టులో ఆ క్షణాన ఇద్దరున్నారు, ఇద్దరికీ గడ్డాలు, ఇద్దరికీ నారింజరంగు టోపీలు, ఇద్దరూ పెద్దగా మాట్లాడట్లేదు.

"ఇంకేం గుర్తులు లేవా?"

"'మరైతే వెళ్ళొస్తా' అని చెప్పి ఇంకో ఇరవై నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడ్డాడు."

అది కూడా ఊరందరి గుర్తే. లోవెల్ పుస్తకం మూసేశాడు.

"మీదేనా కాదా చూసుకోవాలంటే ఓ దారుందిగా" అంది జోడీ. "మీరు కొన్నప్పుడు దాని అడుగున, మడత దగ్గర, ఓ మూల విరిగుంది కదా. విరిగినది అంటగట్టానని మీరొచ్చి గొడవ చేస్తే, ఓ బస్తా ఉప్పు ఊరికే ఇచ్చాను. జ్ఞాపకముందా?"

"ఆ. ఉంది" అన్నాడు లోవెల్, తలుపు దగ్గరి గాజు బుడ్ల మీద ధరలు చదువుతూ.

ఆ మూల జోడీ కొట్టులో విరగలేదు. ఏడేళ్ళ కిందట ఇంటికి తెచ్చిన రోజే లోవెల్ చేతిలోంచి జారి బేస్‌మెంట్ నేల మీద పడి విరిగింది. ఈ సంగతి మార్నాకి కూడా తెలీదు. జీవితం మొత్తంలో లోవెల్ పెట్టిన తప్పుడు క్లెయిమ్ అదొక్కటే. దాన్ని ఎవరూ పట్టుకోలేకపోవడం చూసి, అప్పట్నుంచీ లోకమంతా ఇలాంటివాళ్ళే ఉంటారని అతనికి గట్టి నమ్మకం కుదిరింది.

"కానీ చూడాలంటే రాతి మీంచి తియ్యాలి" అంది జోడీ. "దాని కాలి లాంటి కండలోంచి వచ్చే దారాలతో రాతిని పట్టుకునుంటుంది. పీకితే లోపలి కండ చిరిగి చచ్చిపోతుంది. బ్లేడుతో కొయ్యొచ్చు. ఒంట్లో బాగున్నవి ఒక్కోసారి తట్టుకుంటాయి. చెప్పలేం."

*

ఈలోగా లోవెల్ ఊరుకోలేదు. శవం కుళ్ళిన నీళ్ళలో ఏ ప్రాణీ ఉండకూడదని సగం నీళ్ళు తోడేసి కొత్తవి పోశాడు. నాలుగు రోజులాగి మళ్ళీ పోశాడు. మురికిని నురగ కింద కక్కించే స్కిమ్మర్ గొట్టాన్ని విప్పి కడిగి, పూర్తి జోరు మీద పెట్టాడు. కొత్త వడపోత సంచులు వేశాడు. చేపల తిండి సగానికి తగ్గించాడు. పది రోజులకి నైట్రేట్ సున్నాకొచ్చింది. ఆ సాయంత్రం లోవెల్ రెండోసారి వడ్డించుకుని తిన్నాడు.

ఆల్చిప్ప ముడుచుకోవడం మొదలుపెట్టింది.

మొదట పెదవి చిప్ప అంచు దాకా వెనక్కెళ్ళింది. మర్నాడు ఇంకాస్త. రెండో వారానికి నీలం వెలిసి, పచ్చ చుక్కలు పాలిపోయాయి. దాని మీద నీడ పడితే ఠక్కున మూసుకునేది కాస్తా, ఆలోచించుకుని మూసుకోవడం మొదలుపెట్టింది. మూడో వారానికి చిప్పలు రెండూ దీనంగా నోరు తెరుచుకుని, లోపలి తెల్లటి కండ కనిపిస్తోంది. ఆల్చిప్పలు పెంచేవాళ్ళకి ఆ నోరు తెరవడమంటే తెలుసు. అక్కడ్నుంచి రోజులు లెక్కపెట్టుకోవడమే.

"చూశావా?" అన్నాడు లోవెల్. గొంతులో బాధ ఉంది, దానికంటే ఎక్కువగా నెగ్గినవాడి ధీమా ఉంది. "కొత్తది. మన నీళ్ళు దీనికి అలవాటు లేదు. మనదైతే ఈ నీళ్ళలో ఏడేళ్ళు లేదూ?"

మార్నా తొట్టె ముందు కూర్చుంది. ఏడేళ్ళలో ఆవిడ దాని గురించి ఎక్కువ మాట్లాడింది లేదు గానీ, రోజూ బట్టలు ఇస్త్రీ చేసుకునేది దాని ఎదురుగానే. "ఎవరిదైతేనేం లోవెల్, చచ్చిపోయేట్టుంది. ఏదన్నా చెయ్యి."

"చేస్తా. శనివారం కోస్తున్నా."

"ఏంటి?"

"దారాలు కోసి, తిరగేసి, అడుగున చూస్తా. మూల విరిగుంటే మనది. లేకపోతే కాదు."

"ఇప్పుడున్న ఓపికకి బతుకుతుందా?"

"కష్టమే."

"మరి అది మనదే అయితే?"

"అప్పుడు మనదేనని తెలుస్తుంది."

"చచ్చిపోయాక."

"తెలుస్తుంది కదా" అన్నాడు లోవెల్.

మార్నా ఇస్త్రీపెట్టె ప్లగ్ తీసి, ఏమీ మాట్లాడకుండా పైకెళ్ళిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో అంతటి మాట ఆవిడ అతన్ని ఎప్పుడూ అనలేదు.

*

ఇంటాయన ఎదురుగా లేకుండా కప్పెక్కకూడదనేది లోవెల్ ఉద్యోగంలో మొదటి సూత్రం. అందుకని శనివారం మధ్యాహ్నం డ్వేన్‌ని పిలిచాడు. డ్వేన్ గుమ్మంలో బూట్లు విప్పి, బొటనవేలు దగ్గర చిరిగిన మేజోళ్ళతో బేస్‌మెంట్‌లోకి దిగాడు.

"కాఫీ తాగుతావా?" అంది మార్నా మెట్ల మీంచి.

"వద్దులేమ్మా."

"కొంచెం."

"శ్రమెందుకు."

"కాచే ఉంది."

"అయితే అరకప్పు" అన్నాడు డ్వేన్. నిండు కప్పు వచ్చింది. అందరూ అనుకున్నట్టే.

లోవెల్ చొక్కా చేతులు భుజాల దాకా మడిచాడు. పక్కన తెల్ల తువ్వాలు, దాని మీద కొత్త బ్లేడు, కాలిపర్, కెమెరా. ఆపరేషన్ థియేటర్ సరంజామా.

"డ్వేన్, ఇదేదో నీ మీద అనుమానంతో చేస్తున్నది కాదు."

"ఊఁ."

"రూఢి చేసుకుందామని, అంతే."

"దేన్ని?"

"ఇది నా ఆల్చిప్పేనా కాదా అని."

డ్వేన్ కాఫీ ఒక గుక్క తాగాడు. ఆల్చిప్పని చూశాడు. బ్లేడుని చూశాడు. "మరెవరిదనుకుంటున్నావ్?"

"అది నువ్వు చెప్పాలి."

"నేను నీదాన్ని చంపేసి, కొత్తది కొనుక్కొచ్చి పెట్టాననా?"

"నేనలా అన్లేదు."

"ఏమయ్యా, అంత డబ్బే నా దగ్గరుంటే ముందు నా ట్రక్కుకి సైలెన్సర్ వేయించుకోనా? పదిహేనేళ్ళుగా పక్కింట్లో ఉన్నాను కదా, ఆ మాత్రం తెలీదూ?"

"పద్నాలుగున్నర" అన్నాడు లోవెల్, బ్లేడు తీసుకుని చెయ్యి నీళ్ళలో పెట్టాడు.

చేపలు చెల్లాచెదురయ్యాయి. చెయ్యి నీడ మీద పడినా ఆల్చిప్ప మూసుకోలేదు. మూసుకుందామన్నట్టు ఒక్కసారి కదిలి ఊరుకుంది. లోవెల్ ఎడమచేత్తో చిప్పని పట్టుకుని, కుడిచేత్తో రాతికీ దానికీ మధ్య బ్లేడు అంచు కోసం సందు వెతికాడు.

"ఆగు" అన్నాడు డ్వేన్.

లోవెల్ ఆగాడు.

"స్కిమ్మర్ కట్టేశాను."

"ఎప్పుడు?"

"మీరెళ్ళిన రెండో రోజు. పొద్దున వచ్చేసరికి పొంగిపోయి కార్పెట్టంతా కంపు. ఎలా సరిచెయ్యాలో నీ తొమ్మిది పేజీల్లో వెతికాను. ఏడో పేజీకి నిద్దరొచ్చింది. ప్లగ్ పీకేశాను. మీరొచ్చే ముందురోజు మళ్ళీ పెట్టాను."

"దాని డబ్బా నిండా మురుగుంది. నేనే పారబోశాను. కట్టేస్తే మురుగెక్కడిది?"

డ్వేన్ తన చేతిలో కప్పు కేసి చూసుకున్నాడు. "చల్లారిన కాఫీ."

మెట్ల మీద మార్నా చేత్తో నోరు మూసుకుంది.

"తిండి?" అన్నాడు లోవెల్. చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది. "రోజుకి అరగ్రాము తూచి వెయ్యమని రాశాను."

"ఆ పసుప్పచ్చ చేప అదేపనిగా నన్నే చూస్తుంటే ఎలా తూచమంటావ్? గుప్పిట్లో ఎంతొస్తే అంత వేశాను. రొయ్యల ముద్ద. ఒక్కోరోజు రెండుసార్లు."

"నైట్రేట్ సున్నా అని రాశావు. ముప్పై రెండుసార్లు."

"నువ్వే కదయ్యా పైన రాసిచ్చావు, 'సున్నా ఉండాలి' అని. ఉండాల్సింది రాశాను."

"మరి పక్క గడిలో ఆల్కలినిటీ, అదే నీళ్ళలో క్షారం, రోజూ ఎనిమిది పాయింట్ మూడు?"

"అది చూడ్డానికి బాగుందనిపించింది."

లోవెల్ మొహంలో రంగులు మారాయి. స్కిమ్మర్ కట్టేసినందుకు కాదు, కాఫీ పోసినందుకు కాదు, ఆ ఎనిమిది పాయింట్ మూడు చూసి పదహారు రోజులూ ఎంత నిలకడగా ఉందోనని ఒక రాత్రి అతను ముచ్చటపడ్డాడు. అది తల్చుకుని.

"అందుకే బార్లు తెచ్చావు."

"కార్పెట్ కోసం. కంపు పోలేదేమోనని." డ్వేన్ తొట్టె దగ్గరికొచ్చి వంగి చూశాడు. "చూడు లోవెల్. నీ మంచికే చెప్తున్నా. ఇది దీపాల వెలుగూ, నీళ్ళలో ఉన్న ఆ కాస్త మురికీ తిని బతికే ప్రాణి. నువ్వు నీళ్ళని ఆస్పత్రి నేలలా కడుగుతావు. దానికి కంచంలో ఏం మిగుల్తుంది? నేను మురికి చేస్తే తింది. తిన్నాక పెరిగింది. నువ్వొచ్చి మళ్ళీ కంచం లాగేశావు. ఇది నీదే. ఆకలేసి చస్తోంది."

తన ఆల్చిప్ప చచ్చిపోయిందంటే లోవెల్ తట్టుకునేవాడు. మూడు వారాలుగా తట్టుకుంటూనే ఉన్నాడు, కొంచెం ఆనందంగా కూడా. కానీ అది బతికే ఉందనీ, ఏడేళ్ళుగా తనే పస్తులుంచాడనీ, పాచిపట్టిన తొట్టెవాడు గుప్పిడి రొయ్యలు పారేసి పదహారు రోజుల్లో పెంచాడనీ వినడానికి అతని దగ్గర ఏ ఫారమూ లేదు.

"పుస్తకంలో అబద్ధాలు రాశానని నువ్వే ఒప్పుకున్నావు" అన్నాడు నెమ్మదిగా. "డబ్బాలో కాఫీ పోశానని ఒప్పుకున్నావు. ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని నేనెలా నమ్మాలి? కొయ్యకుండా ఆపడానికే ఇదంతా అల్లావేమో."

"నమ్మకు" అన్నాడు డ్వేన్. "కొయ్యి."

కప్పు బల్ల మీద పెట్టి, మేజోళ్ళ కాళ్ళ మీద నిలబడి ఎదురు చూశాడు.

లోవెల్ వేళ్ళ మధ్య చిప్ప బరువు తెలుస్తోంది. బ్లేడుకి సందు దొరికింది. ఒక్క లాగు లాగితే చాలు, ఏడేళ్ళుగా తనకి తప్ప ఎవరికీ తెలియని ఆ మూల కనిపిస్తుంది, లేదా కనిపించదు. డ్వేన్ మొహం చూశాడు. ఇరవై ఆరేళ్ళలో ఎన్నో మొహాలు చూశాడు. నిజం చెప్పేవాళ్ళ మొహాలూ, అబద్ధం చెప్పేవాళ్ళ మొహాలూ ఒక్కలాగే ఉంటాయని అతనికి మొదటి ఏడాదిలోనే తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు, ఉద్యోగం పోతుందని.

వేలి కింద ఆల్చిప్ప కదిలింది. మూసుకోవడం కాదు. పట్టు బిగించుకోవడం. ఉన్న కాస్త బలంతోనూ రాతిని గట్టిగా పట్టుకుంటోంది.

"లోవెల్" అంది మార్నా మెట్ల మీంచి. "చెయ్యి బైటికి తియ్యి."

కాసేపటికి తీశాడు. మోచేతి నుంచి నీళ్ళు కార్పెట్ మీద కారుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. "నమ్మి కాదు" అన్నాడు డ్వేన్‌తో.

"తెలుసు."

"పరీక్షగా. కొన్నాళ్ళు."

"మంచిది" అన్నాడు డ్వేన్. "మరైతే వెళ్ళొస్తా" అని ఇంకో ఇరవై నిమిషాలు మెట్ల దగ్గర నిలబడ్డాడు. పార గురించీ, లేక్ మీద ఐసు ఎప్పుడు కరుగుతుందన్న దాని గురించీ ఇద్దరూ మాట్లాడుకున్నారు.

*

పరీక్ష మొదటి వారం తప్పింది. లోవెల్ స్కిమ్మర్ కట్టేశాడు. రొయ్యల ముద్ద తెచ్చాడు. కానీ తీరా వేసే సమయానికి చెయ్యి వినలేదు. గుప్పిడి తియ్యబోతే చిటికెడే వచ్చేది. ఆ చిటికెడూ తూచేవాడు. నైట్రేట్ ఒకటికొచ్చిన రోజు ఆఫీసులో కూర్చోలేక, మధ్యాహ్నం ఇంటికొచ్చి, మార్నా బజారెళ్ళింది చూసుకుని, పాతిక గ్యాలన్లు మార్చేశాడు. బకెట్లు ఆరబెట్టి మరీ దాచాడు. ఆల్చిప్ప నోరు ఇంకాస్త తెరుచుకుంది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు. "నా వల్ల కావట్లేదు."

"మురికి చెయ్యడమా?" అంది మార్నా.

"ఊఁ."

"పక్కింట్లో ఆ విద్య తెలిసినాయన ఉన్నాడుగా."

మంగళవారం డ్వేన్ వచ్చాడు. ఒకే ఒక్క షరతు పెట్టాడు. తను తిండి వేసేటప్పుడు లోవెల్ బేస్‌మెంట్‌లో ఉండకూడదు. "నువ్వు చూస్తుంటే నా గుప్పిడి చిన్నదైపోతుందయ్యా" అన్నాడు. కెమెరా పెట్టే ఆలోచన లోవెల్‌కి రాకపోలేదు. పెట్టాడు కూడా. మార్నా పీకేసింది. నీళ్ళు పరీక్ష చేసే సీసాలు కూడా తీసి తన అల్మారాలో పెట్టి తాళం వేసింది. కాలిపర్ ఒక్కటీ వదిలింది, మనిషికి ఏదో ఒకటి ఉండాలని.

అలా మంగళ శనివారాలు, సాయంత్రం ఐదింటికి, డ్వేన్ బూట్లు విప్పి కిందికి దిగుతాడు. లోవెల్ పైన వంటింట్లో, బేస్‌మెంట్‌కి సరిగ్గా మీదుండే కుర్చీలో కూర్చుని, పేపరు పట్టుకుని, పేజీ తిప్పకుండా వింటాడు.

మే నెల రెండో శనివారం కింద తొట్టె మూత తీసిన చప్పుడైంది. తర్వాత ఏమీ వినిపించలేదు. తర్వాత డ్వేన్ ఎవరితోనో మాట్లాడుతున్న గొణుగుడు.

"ఎవరితో మాట్లాడుతున్నాడు?" అన్నాడు లోవెల్.

"చేపతో అయ్యుంటుంది" అంది మార్నా బంగాళాదుంపలు చెక్కుతూ.

"ఏం మాట్లాడుతున్నాడు?"

"కిందకెళ్ళి అడుగు."

"వెళ్ళకూడదుగా."

"అయితే అడక్కు."

మూత పడింది. మళ్ళీ తీసిన చప్పుడు. రెండోసారి వేస్తున్నాడు. లోవెల్ పేపరు మడిచి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"పొద్దున కొలిచావా?" అంది మార్నా.

"కొలిచా."

"ఎంత?"

లోవెల్ మడిచిన పేపరుని ఇంకో మడత పెట్టాడు. "తొంభై తొమ్మిది" అన్నాడు చివరికి. "పెదవి చిప్ప దాటొచ్చింది. రంగు కూడా."

"మరింకేం?"

"ఆల్చిప్పలు ఏవైనా ఇలా తిండి పెడితే పెరుగుతాయి మార్నా. మనది కాకపోయినా పెరుగుతుంది. పెరిగినంత మాత్రాన మనదే అనడానికి లేదు."

మార్నా చెక్కిన దుంపని నీళ్ళలో వేసింది. "ఎవరిదైతే మాత్రం తోలేస్తావా?"

కింద డ్వేన్ దేనికో నవ్వాడు. లోవెల్ కుర్చీలోంచి సగం లేచి, మెట్ల తలుపు కేసి చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఇంకో గుప్పిడి వెయ్యమను" అన్నాడు. "నేను చెప్పానని చెప్పకు."